బిగించిన నట్టు విప్పిన రోజు

నా చిన్నప్పుడు మా నాయన మొండితనం గురించి ఊళ్ళో కథలు చెప్పుకునేవారు. పుల్లలచెరువు అవతల, అడవి అంచు పల్లె మాది. నాయన ఒక కాంట్రాక్టరు దగ్గర వెదురు బొంగులు తోలే, నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్‌వీల్ ట్రక్కు నడిపేవాడు. ఎప్పుడో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే చేతులు మారి మారి మా దాకా వచ్చిన బండి. మా వాగులో, మా రాళ్ళ బాటలో అది తప్ప ఇంకోటి కదిలేది కాదు. బస్సు సంగతి దేవుడెరుగు.

ఆ ఏడు మా అక్క పదో తరగతి పరీక్షలు రాయాలి. మా పల్లెలో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్ల. సెంటరు త్రిపురాంతకంలో పడింది. సోమవారం మొదటి పరీక్ష అనగా శనివారం పొద్దున ట్రక్కు వెనక కుడి చక్రం ఊళ పెట్టడం మొదలుపెట్టింది. నాయన జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఊడబోయే పన్నులాగా కదిలింది. లోపల బేరింగులు అరిగిపోయాయి. అలాగే పోతే దారిలో చక్రమే ఊడిపోవచ్చు. ఒక్క పరీక్ష పోతే ఏడాది పోయినట్టే. మా ఊళ్ళో ఏడాది ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల మళ్ళీ బడి ముఖం చూసింది లేదు, మిరపకాయలు కోయడానికి కూలికి పోవడమే. అక్క ఏడవలేదు. పుస్తకం మూసి నాయన వంక చూసింది, అంతే. నాయన సైకిలెక్కి రోడ్డు దాకా పోయి, పరీక్ష వేళకు అక్కరకు రాని మధ్యాహ్నం బస్సు పట్టుకుని మార్కాపురంలో కొత్త బేరింగులు తెచ్చాడు.

ఆదివారం పలుగూ పారా ముట్టని మనిషి ఆ రోజు ప్రార్థనకు కూడా పోకుండా స్పానర్లు పట్టాడు. చక్రం విప్పి, ఇరుసు లాగి, పాత బేరింగులు ఊడదీసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అరచేతి నిండా గ్రీజు తీసుకుని కొత్త బేరింగులను అందులో ఒత్తాడు, గ్రీజు లోపలికంటా దూరి పైకి తేలేదాకా. ఈలోగా ప్రార్థన ముగించుకుని వచ్చినవాళ్ళంతా చుట్టూ చేరారు. ఊగిన చక్రం ఇంక ఊగకూడదన్న పట్టుదలతో నాయన పానాకు పైపు తగిలించి నట్టు బిగించాడు. "బిగించన్నా, ఇంక జన్మలో ఊడదు" అని వాళ్ళు ఎగదోశారు. ఆయన ఇంకో చుట్టు బిగించాడు.

మా తాతయ్య, అంటే నాయనకు నాయన, బతుకంతా ఎద్దులబండి తోలినవాడు. అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. చక్రం బిగించాక నాయన దాన్ని చేత్తో తిప్పితే, చెయ్యి తీయగానే అది ఆగిపోయింది. తాతయ్య అది చూశాడు కానీ నోరు మెదపలేదు. "కల్వర్టు దాకా పోయి రా నాయనా, బండి ఎట్ల నడుస్తాదో చూద్దాం" అన్నాడు. కల్వర్టు మా ఊరికి రెండు మైళ్ళు.

బండి తిరిగి వచ్చాక నన్ను దగ్గరకు పిలిచాడు. ఎడమ చక్రం నడిమధ్యన చెయ్యి పెట్టమన్నాడు. గోరువెచ్చగా ఉంది. కుడివైపు పెట్టమన్నాడు. పెట్టీ పెట్టకముందే "అబ్బా" అని లాక్కున్నాను.

నాయన వచ్చి తనూ పెట్టి చూశాడు. ఆయన ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. తాతయ్య ఆయనకు మాత్రమే వినపడేటట్టు, "చక్రానికి రవ్వంత ఆట ఉండాల నాయనా. ఆట లేకుంటే కాలిపోతాది" అన్నాడు. ఆ బిగువుతోనే బయలుదేరితే తెల్లారి వాగు మధ్యలో చక్రం పట్టేసేది.

 నాయన జాకీ అందుకున్నాడు.

"ఏందన్నా, మళ్ళా ఇప్పుతుండావే?" అన్నాడొకాయన నవ్వుతూ.

"ఎక్కువ బిగించినా. తప్పు నాదే. అందుకే ఇప్పుతుండా."

మా నాయన నోట ఆ మాట ఊరు విన్నది అదే మొదలు. నవ్వినాయన తలొంచుకుని టార్చిలైటు తేవడానికి పోయాడు. పొద్దు గుంకుతుండగా నాయన అంతా మళ్ళీ విప్పి, బేరింగులు చెడలేదని చూసుకుని, కొత్త గ్రీజు పెట్టి, నట్టు బిగించి, కొద్దిగా వెనక్కి వదిలాడు. ఈసారి చెయ్యి తీశాక కూడా చక్రం మూడు నాలుగు చుట్లు తిరిగింది. మరునాడు గంట కొట్టకముందే మా అక్క త్రిపురాంతకం బడి గేటు ముందు దిగింది.

ముందే ఎందుకు చెప్పలేదని తాతయ్యను నిలదీశాను. "పదిమందిలో చెప్తే మీ నాయన ఇంకో చుట్టు బిగిస్తాడమ్మే. చెయ్యి కాలితే వాడే ఇప్పుతాడు" అని నవ్వాడు.

నాకూ నాయన మొండితనమే వచ్చింది. పట్టిన పట్టు విడవని మనిషినని నా కోడలే చెబుతుంది. పోయినేడు మా చిన్నకొడుకుని పదిమందిలో నానా మాటలూ అన్నాను. వాడు లేచి వెళ్ళిపోయాడు. నెల తిరిగినా వాడు పలకలేదు, నేను దిగలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, అన్నం సయించేది కాదు. చివరికి ఇంటిల్లిపాదీ ముందు, అందరూ వినేటట్టే ఫోన్ చేసి, "తప్పు నాదేరా, అన్నానికి రా" అన్నాను. గట్టిగా పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చింది. నలుగురిలో వదలడం మాత్రం, ఆ రోజు మా నాయన దగ్గర నేర్చుకున్నదే.