కటిల్ ఫిష్ గుడ్లూ, అత్త రాగి చెంబూ

హాయిగా గోల్డ్ ఫిష్ పెంచుకోక ఈ పీడ ఎందుకని అడిగిన ప్రతివాళ్లతోనూ నేను పోట్లాడాను. గోల్డ్ ఫిష్ మనల్ని చూడదు. కటిల్ ఫిష్ చూస్తుంది. పేరులో ఫిష్ ఉన్నా అది చేప కాదు, ఆక్టోపస్‌కు దగ్గరి చుట్టం. అరచేతిలో పట్టేంత ఒళ్లు, మూతి ముందు పది చేతులు, ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టుండే కళ్లు. నేను విసురుగా తొట్టి అద్దం దగ్గరికి వెళ్తే దాని ఒంటి మీద నల్లటి చారలు పరుగెత్తేవి. మా ఇంట్లో నాకు ఎదురుతిరిగే ధైర్యం దానికీ మా అత్తకూ మాత్రమే ఉండేది.

సముద్రపు గాలి కూడా సోకని కె.ఆర్.పురంలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, ఉప్పు కలిపిన నీళ్లలో ఒక జంటను పెంచి పెద్దచేశాను. ఆడది రాయికి ఒక్కొక్కటిగా నల్లటి గుడ్లు అంటించింది. అచ్చం నల్లద్రాక్ష గుత్తి. గుడ్లు పెట్టాక ఈ జీవులు ఎక్కువ రోజులు బతకవు. ముందు ఆడది, ఆ తర్వాత వారానికి మగది పోయాయి. ఇక నాకు మిగిలింది ఆ గుత్తి ఒక్కటే. అదీ పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

రోజులు గడిచేకొద్దీ గుడ్ల నలుపు పల్చబడి, లోపల కళ్లు కనబడసాగాయి. నా సంబరం చూడాలి. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ పాఠాలు చెప్పాను. అత్తకైతే రోజూ చెప్పాను. దాని రక్తం నీలంగా ఉంటుందనీ, మన రక్తంలో ఇనుములాగా దానికి రాగి ఉంటుందనీ.

ఒక శనివారం పొద్దున కూరగాయలు తెచ్చుకుని ఇంట్లోకి వచ్చేసరికి, అత్త ఖాళీ రాగి చెంబు పట్టుకుని తొట్టి పక్కన నిలబడి ఉంది.

"ఏం పోసినారత్తా?"

"నీళ్లు మా. కిందికి దిగిపోయుండాది. నువ్వొచ్చేదాకా ఎండాల్నా అవి?"

తొట్టిలో ఆవిరైనంత మేర నేను రోజూ ఫిల్టర్ నీళ్లు పోయడం ఆమె చూసేది. "బిందెలోవా?" అన్నాను. మా ఇంట్లో రాత్రి రాగి బిందె నింపిపెట్టి, పొద్దున అందరూ అవే తాగుతారు.

"మరి? నువ్వే చెప్తివి కదా, దాని నెత్తుర్లో రాగి ఉండాదని. బిడ్డలు గట్టిపడొద్దా?"

"నెత్తుర్లో ఉంటే ఉండనీ. నీళ్లలో కలిస్తే అదే విషం. వెన్నెముక లేని ప్రాణాలకు రాగి పడదత్తా."

"వెన్నెముక లేనోళ్లకు పడకపోతే మావాడెట్ల బతికినాడు? యాభై ఏండ్లుగా అవే తాగుతాండాడే."

"అమ్మా, నన్నెందుకు లాగుతావు మా," అన్నాడు మా ఆయన, పేపరు దించకుండానే.

నేను అప్పటికే బాల్కనీలోకి పరుగెత్తాను. అక్కడ డ్రమ్ములో ముందే కలిపిపెట్టిన ఉప్పునీళ్లున్నాయి. ఒక బకెట్ నింపి, గాలిగొట్టం వేసి, తొట్టి నీళ్లలోనే గిన్నె ముంచి, గుడ్లకు గాలి తగలకుండా రాయితో సహా ఎత్తాను. గిన్నె అడుగు అత్త పట్టుకుంది. ఇద్దరం కలిసి బకెట్‌లోకి దించాం.

"ఒక చెంబే మా," అంది. ఆ పూటకు పదోసారి.

తిడదామనుకున్నాను. కానీ సగం పాఠం చెప్పి మిగతాది మింగింది నేనే.

తర్వాత వారం రోజులూ ఆమె బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎనిమిదో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో వంగి చూస్తే, శనగగింజంత పిల్ల ఒకటి బకెట్ అడుగున ఉంది. పది చేతులతో, అనుమానపు కళ్లతో, అన్నీ అమర్చుకుని వచ్చింది. చూస్తుండగానే ఒళ్లంతా గోధుమరంగు చేసుకుంది. నేను కేక వేస్తే కాఫీ కాలి మీద పడింది. మధ్యాహ్నానికి ఐదయ్యాయి.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. రాగి దెబ్బ తగిలుంటే వేటాడే బలం ఉండదు. ఇవి చచ్చినదాన్ని ముట్టవు. మర్నాడు చిన్న చిన్న బతికున్న రొయ్యపిల్లల్ని వదిలి, ఇద్దరం బకెట్ మీదికి వంగాం. ఒక పిల్ల కదలకుండా చూసింది. పక్కకు తిరిగింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. చేతుల మధ్యలోంచి తీగల్లాంటి పొడుగు చేతులు రెండు బాణాల్లా దూసుకొచ్చాయి. రొయ్య మాయం.

అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఇంకోటి వెయ్ మా," అంది. "దానికి చాల్లేదు."