కుర్చీల మీద రుమాళ్ళు

మా నాన్నగారు సన్నాయి విద్వాంసులు. ఆ మాట చెప్తే మా వైపు జనం వెంటనే "ఏ పెళ్ళికండీ?" అని అడుగుతారు. గణపవరం చుట్టుపక్కల ఆయన సన్నాయి లేకుండా పెళ్ళయిన వాళ్ళు తక్కువ. అయినా వాళ్ళలో ఒక్కరిని పట్టుకుని, ఆ రోజు ఏం వాయించారని అడిగితే చెప్పలేరు. పెళ్ళిలో సన్నాయిని ఎవరూ వినరు, అది ఉంటుంది అంతే. రాగం సగంలో ఉండగా పురోహితులు చెయ్యి ఊపుతారు, గట్టిమేళం అందుకోవాలి. తర్వాత అక్షింతలు, ఫొటోలు, భోజనాలు. ఆ సగం రాగం సగంలోనే ఉండిపోతుంది.

తాడేపల్లిగూడెంలో ఏటా జరిగే సంగీతోత్సవం మాత్రం వేరని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అక్కడికి వచ్చేది వినడానికే కదా! తీరా వెళ్ళి చూస్తే అక్కడా అంతే. ఉత్సవం మంగళవాద్యంతో మొదలవ్వాలి కాబట్టి నాన్నగారిని ముందు వేదిక ఎక్కించేవారు. ఆయన వాయిస్తుంటే టెంటుహౌసు వాళ్ళు కుర్చీలు ఈడ్చేవారు. మైకు మనిషి పక్కనే నిలబడి "హలో, హలో" అనేవాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు సన్నాయి వినిపించినంతసేపూ ఇంకా మొదలవ్వలేదని నిశ్చింతగా జడలు వేసుకునేవారు. అది ఆగాకే చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు.

నాన్నగారు ఏనాడూ విసుక్కోలేదు. ఆయన వంతు విసుగు కూడా నాకే వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఆయన ముందుపళ్ళు కదలడం మొదలైంది. నేను ఏలూరులో ఉంటాను, స్కూల్లో పాఠాలు చెప్తాను. ఆయన్ని అక్కడికే తీసుకొచ్చి పళ్ళ డాక్టరుకి చూపించాను. తీసెయ్యక తప్పదన్నారు. ముందుపళ్ళు పోతే నోట్లో పెట్టుకునే సన్నాయి పీకకి పట్టు ఉండదు, ఊపిరి ఎంత ఉన్నా స్వరం నిలవదు. ఆ సంగతి డాక్టరుకి తెలీదు, మాకు తెలుసు. తిరుగు దారిలో నాన్నగారు కారు అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"పళ్ళు పోతే పోయాయి గానీ అమ్మా, కూర్చున్న జనానికి ఒక్కసారి కళ్యాణి చివరిదాకా వాయిస్తే బాగుణ్ణు."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. మర్నాడే ఉత్సవం కార్యదర్శిగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడు, మాట పూర్తి కానివ్వలేదు.

"ఎంత మాటండీ! మాస్టారికి మేం చెయ్యకపోతే ఎవరు చేస్తారండీ? ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి కచేరీ పెట్టేద్దాం. ఆయన తర్వాత సినిమాల్లో పాడే అమ్మాయి ఉందండి. ఆ అమ్మాయి కోసం ఊరు ఊరంతా ముందే వచ్చి కూర్చుంటుంది. హాలు నిండిపోద్ది, చూడండి!"

నాన్నగారు పళ్ళు తీయించుకోవడం వాయిదా వేశారు. అన్నం మెత్తగా పిసికి తిన్నారు, కందిపచ్చడి మానేశారు. ఆ పళ్ళని కచేరీ దాకా కాపాడుకోవాలని ఆయన పడ్డ అవస్థ చూస్తే నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆ రోజు పట్టుపంచె కట్టుకుని, డోలు ఆయనతో, శ్రుతి పట్టే ఆయనతో కలిసి నాన్నగారు వేదిక ఎక్కారు. కార్యదర్శిగారి మాట నిజమే. హాలు నిండిపోయింది, ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ప్రతి కుర్చీ మీదా ఓ రుమాలో, తువ్వాలో, గొడుగో, నీళ్ళ సీసానో ఉంది. బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టే జనం మేము. మధ్యాహ్నమే వచ్చి కుర్చీలు పట్టేసి బయటికి వెళ్ళిపోయారు. మనిషన్నవాళ్ళు నేనొక్కదాన్నే.

నాన్నగారు కళ్ళు మూసుకుని కళ్యాణి అందుకున్నారు. నేను ఆగలేక బయటికి పరుగెత్తాను. గేటు ముందు జాతరలా ఉంది. టీ బండి దగ్గర, పునుగుల బండి దగ్గర, మోటారు సైకిళ్ళ మీద, ఎక్కడ చూసినా జనమే.

"కచేరీ మొదలైందండీ, లోపలికి రండి," అన్నాను ఒక పెద్దాయనతో.

"ఎక్కడమ్మా? ఇంకా సన్నాయే కదా వస్తోంది," అన్నారు ఆయన పునుగులు చట్నీలో ముంచుకుంటూ. "మా రుమాళ్ళున్నాయిలే, కంగారు లేదు."

ఆ సన్నాయే కచేరీ అని చెప్పాను. పాపం, ఆయన మర్యాదగా తల ఊపారు. కదల్లేదు. అంతలో నా ఫోను మోగింది. మావారు. స్కూటరు మీద ఏలూరు నుంచి వస్తున్నారు.

"గుండుగొలనులో ఉన్నాను. ఫోన్లో సన్నాయి వినిపిస్తోంది, ఇంకా ముందు మేళమే కదా? మీ నాన్నగారి కచేరీ మొదలయ్యేసరికి వచ్చేస్తాలే. ఓ టీ తాగి బయల్దేరతా."

ఆయనది హేళన కాదు. మామగారికి ఈసారి అసలు కచేరీ ఇచ్చారు కాబట్టి ముందు మేళానికి ఇంకెవరినో పెట్టి ఉంటారనుకున్నారు.

"ఆ వాయించేది నాన్నగారేనండీ," అన్నాను. ఫోను పెట్టేసి లోపలికి వచ్చేశాను.

ఆ కళ్యాణి గురించి రాయడం నాకు చేతకాదు. ఎవరూ చెయ్యి ఊపలేదు కాబట్టి అది తన దారిన తాను చివరిదాకా వెళ్ళింది. ఒకచోట పై స్వరం దగ్గర ఆయన పెదవి వణికింది, నొప్పికి కంట్లో నీళ్ళు తిరిగాయి, స్వరం మాత్రం కదల్లేదు. అయిపోగానే నేను చప్పట్లు కొట్టాను. అంత పెద్ద హాల్లో నా చప్పుడుకి నాకే సిగ్గేసింది. అయినా ఆపలేదు.

నాన్నగారు కళ్ళు తెరిచి రుమాళ్ళ వంక చూశారు. సరిగ్గా అప్పుడే, సన్నాయి ఆగిందని తెలిసి, జనం తలుపుల్లోంచి ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. వాళ్ళు ఎవరి రుమాలు వాళ్ళు వెతుక్కుంటున్నారు. నాన్నగారు చేతులు అలాగే కాసేపు ఉంచి, తర్వాత దించి, సన్నాయిని గుడ్డలో చుట్టుకున్నారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"హాలు నిండింది కదమ్మా," అన్నారు కిందికి దిగుతూ. నన్ను ఓదార్చడానికే అన్నారు.

పళ్ళు తీయించుకున్నాక ఇక సన్నాయి ముట్టుకోలేదు. నిరుడు పోయారు.

ఈ ఏడాది ఉత్సవానికి మేళం వాళ్ళు దొరకలేదట, అందరికీ పెళ్ళిళ్ళున్నాయి. మైకు మనిషి దగ్గర నాన్నగారి ఆనాటి కచేరీ రికార్డింగు ఉందని, మంగళవాద్యంగా అదే పెడతామని కార్యదర్శిగారు ఫోను చేశారు. నేను అందరికన్నా ముందే వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. ఖాళీ వేదిక మీద స్పీకర్లలోంచి కళ్యాణి వస్తోంది. టెంటుహౌసు వాళ్ళు కుర్చీలు ఈడుస్తున్నారు.

ఒకావిడ వచ్చి పక్క కుర్చీ మీద రుమాలు పరిచింది.

"ఇంకా మొదలవ్వలేదు కదండీ? కాస్త ఈ కుర్చీ చూస్తూ ఉంటారా, టీ తాగొస్తాను."

"మొదలైందండీ. కూర్చోండి," అన్నాను.

ఆవిడ వేదిక వంక చూసింది, నా వంక చూసింది, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయింది.

కళ్యాణి అయిపోయింది. స్పీకర్లలో ఒక్క మనిషి చప్పట్లు వినిపించాయి. అవి నావే. వాటితో కలిపి నేను మళ్ళీ చప్పట్లు కొట్టాను. ఆ కాసేపూ నాన్నగారి కచేరీకి ఇద్దరం ఉన్నాం.