మూడు వర్గాల మాస్టారు

మద్దిలపాలెంలో మా పక్క వాటాలో ఉండే నీలకంఠం మాస్టారు మనుషులను పేర్లతో గుర్తుంచుకోరు, కప్పల శాస్త్రంతో గుర్తుంచుకుంటారు. జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న వారి లెక్కలో ఉభయచరాలు మూడే వర్గాలు: తోక లేనివి, తోక ఉన్నవి, కాళ్లే లేనివి. మానవజాతి కూడా ఆ మూడింటిలోనే సర్దుకోవాలి.

"అమ్మా, నువ్వు తోక లేని రకం. ముందు దూకి తరవాత చూస్తావు," అన్నారు నన్ను చూసిన మరుక్షణం. న్యాయవాదిని అలా అనడం భావ్యం కాదని వాదించబోయాను.

"అదిగో, దూకావు."

కాలనీ సంఘాధ్యక్షులు గవర్రాజు గారు తోక ఉన్న వర్గం. వెనక నలుగురు లేనిదే కదలరు. పై వాటాలో పెళ్లిచూపులకు వచ్చిన వరుణ్ణి గుమ్మంలోనే "కాళ్లు లేని వర్గం" అని ప్రకటిస్తే, ఆ తల్లి కొడుకు ప్యాంటు మోకాళ్ల దాకా ఎత్తించి నిరూపించవలసి వచ్చింది. ఏ ప్రాణినైనా మాస్టారు రెండోసారి చూసి ఎరుగరు.

మొన్న జూలైలో, వీధి మలుపులో చేపలమ్మే ఈశ్వరిని లేపి అక్కడ కార్లు నిలపాలని సంఘం తీర్మానించింది. నెలాఖరుకు ఆమెకు కొత్త మార్కెట్టులో చోటు ఖాయమైంది; అందాకా ఆ మలుపే ఆమె ఇంటికి అన్నం. మాస్టారితో కలిసి మలుపు దగ్గరికి వెళ్లి, గవర్రాజు గారికీ వెనకున్న నలుగురికీ చట్టాన్ని సెక్షన్లతో సహా వినిపించాను. ఎవరూ వినలేదు.

"రేపే సిమెంటు పోసేత్తాం," అన్నారు గవర్రాజు గారు.

"నెలాఖరుదాకా ఆగలేరేటి బాబూ? నానెక్కడికెల్లాలి?" అంది ఈశ్వరి.

మాస్టారి చూపు ఆమె ఐసుపెట్టె కిందికి వెళ్లింది. అక్కడొక కప్ప. వారు వంగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగారు.

"ఇది ఏ రకమో తెలియడం లేదయ్యా."

"మీకు తెలీదేటి, మాస్టారూ? బోదురుకప్ప కదా!" అన్నారు గవర్రాజు గారు.

"అరుదైనదైతే? సిమెంటు పోశాక అటవీశాఖవాళ్లకు నువ్వు చెప్పుకుంటావా?"

గవర్రాజు గారు వెనక్కి చూశారు. నలుగురూ అప్పటికే లేరు.

"ఎన్నాళ్లు పడతాది?"

"అరుపు వినాలి, నడక చూడాలి. నెలాఖరు."

"మాస్టారూ, అది మామూలు..." అన్నాను ఉండబట్టలేక.

"దూకకు," అన్నారు మెల్లగా. జీవితంలో మొదటిసారి ఆగాను.

ఆ నెలంతా మాస్టారు గొడుగు పట్టుకుని, ఈశ్వరి పక్కన కుర్చీ వేసుకుని పరిశీలన సాగించారు. కప్ప మర్నాడే ఎటో వెళ్లిపోయింది. "కనబడదేటి?" అని గవర్రాజు గారు నిలదీస్తే, "అదే దీని ముఖ్యలక్షణం," అన్నారు.

ఈశ్వరి సామాను ఆటోలో ఎక్కి మలుపు దాటిన తరవాత, మాస్టారు కుర్చీ మడిచి లేచారు.

"తేలిందయ్యా అధ్యక్షా. బోదురుకప్పే. నువ్వు చూడగానే పట్టేశావు!"

ఆ పొగడ్తకు గవర్రాజు గారు ఇప్పటికీ పొంగిపోతూనే ఉన్నారు.