కొలతకు వదిలిన దిబ్బ

అరబ్బు దేశంలో నేనుండే గలాలీలో, మా బస్టాపు ఎదురుగా, కంచె వెనక మట్టికట్ట ముక్క ఒకటుంది. వెయ్యేళ్ళ కిందట సరిహద్దు కాపలాకు పోసిన కట్టలో మిగిలింది అంతేనని బోర్డు చెబుతుంది. ఓ మధ్యాహ్నం నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్కన కూర్చున్న కూలీ దుస్తుల పెద్దమనిషి పలకరించాడు.

"అండ్ల ఏం రాసిండ్రు సారూ?"

చదివి చెప్పాను.

"మాది మన్ను పని. గుంత తవ్వుతుంటే నడుమ ఒక్క దిబ్బ ముట్టకుండ ఇడుస్తం. ఎంత లోతు తవ్వినమో దాన్ని జూసి కొలుస్తరు. కొలిచినంక దాన్ని గూడ తవ్వేస్తం. గిది గసొంటిదే."

"దీన్నెవరూ తవ్వరులెండి," అన్నాను ఓదార్పుగా.

"గదే బాధ. కొలిచెటోడు రాడు. మా ఊరోళ్ళం తొమ్మిది మందిమి ఒక్క క్యాంపుల ఉంటిమి. కొందరు ఇంటికి పోయిండ్రు. ఆఖరోని శవాన్ని మొన్న పెట్టెల పంపిన. నేనే మిగిలిన."

బస్సొచ్చింది. రమ్మన్నాను.

"మీరు పోండ్రి," అన్నాడు, కట్ట వైపే చూస్తూ.

ఇప్పటికీ బస్సు ఆ స్టాపులో ఆగితే నేను బయటికి చూడను. ఆయన అక్కడ లేకున్నా భయమే, ఉన్నా భయమే.