రాజీనామా పెట్టని అమ్మాయి

ఆ ఒకటో తారీఖు పొద్దున్నే మా కింది వాటా తలుపు కొట్టింది ఎప్పుడూ వచ్చే అమ్మాయి కాదు, వార్డు సచివాలయం ఉద్యోగి. అక్కడుండే ముసలమ్మకు పింఛను ఇవ్వడానికి వచ్చాడు. పరుపులు కుట్టి కుట్టి అరిగిపోయిన వేలు ఆమెది. వేలిముద్రల మిషన్ మీద నాలుగుసార్లు పెట్టించాడు. ముద్ర పడలేదు.

ఎదురింటి మెట్ల మీద కూర్చున్న అమ్మాయి అంతా చూస్తూనే ఉంది. మొన్నమొన్నటి దాకా వాలంటీరుగా ఆ పని చేసింది తనే. చివరికి ఉండబట్టలేక లేచి వచ్చింది.

"ఆవిడకి అలా పడదండీ. మామ్మా, నీ టీ ఏదీ?"

"తాగేశానే."

"మళ్లీ పెట్టుకో. గవర్నమెంటు మారితే నీ టీ టైమూ మారిందా?"

వేడి గ్లాసు కాసేపు పట్టుకున్నాక ముద్ర పడింది. ఉద్యోగి తేలిగ్గా నవ్వాడు. "మీరూ నాతో రావచ్చు కదండీ."

"పిలిస్తే వస్తానండీ. పిలవమనండి."

నేను పత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు, కార్డు రంగు, సంచి మీద బొమ్మ మారడం గురించి అవే వార్తలు మళ్లీ మళ్లీ దిద్దాను. ఒకరు తెరిచిన క్యాంటీన్‌కు తర్వాతివాళ్లు తాళం వేశారు. ఆ తాళమూ మళ్లీ తీశారు. మా వన్ టౌన్ సందుల్లోకి రేషను బండి వచ్చింది, కొన్నాళ్లకు రావడం మానేసింది. చివర్లో వీటికి శీర్షిక పెట్టే ఓపిక కూడా పోయింది.

ఎన్నికల ముందు వాలంటీర్లను పింఛన్ల పనికి దూరంగా పెట్టారు. అప్పుడే అధికార పార్టీవాళ్లు కొందరు రాజీనామా కాగితాలు అచ్చు వేయించుకుని సందులోకి వచ్చారు. "రాజీనామా చేసి మాతో ప్రచారానికి రండి. మళ్లీ మనమే వస్తాం. ముందు తీసుకునేది మిమ్మల్నే" అన్నారు. ఈ అమ్మాయి స్నేహితురాలు, పక్కింటి వాలంటీరు, సంతకం పెట్టేసింది. ఈ అమ్మాయి నన్ను అడిగింది.

"పెట్టకమ్మా" అన్నాను. "అవతలివాళ్లూ మిమ్మల్ని ఉంచుతామనే అంటున్నారు. ఎవరొచ్చినా ఇల్లిల్లూ తిరిగే మనిషి కావాలిగా."

పెట్టలేదు. ప్రభుత్వం మారింది. పింఛను పెరిగింది, ఇంటికే వస్తోంది కూడా. తెచ్చే మనిషే మారాడు.

రాజీనామా పెట్టిన స్నేహితురాలు ఎదురుచూసేదేమీ లేక బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో చేరిపోయింది. ఆ షాపువాళ్లు ఈమెనూ పిలిచారు. చేరాక మళ్లీ వాలంటీరుగా రమ్మని ఆర్డరు వస్తేనో అని ఈమె వెళ్లలేదు. మొన్న మెట్ల మీద ఆపి అడిగింది.

"బాబాయ్ గారూ, ఆ షాపులో మళ్లీ తీసుకుంటున్నారంట. చేరిపోమంటారా?"

"నీ మిషన్ తిరిగి ఇచ్చేశావా అమ్మా?" అని అడిగాను.

తన వేలిముద్రల మిషన్ ఇంకా వాళ్లింటి బీరువాలోనే ఉంది. తిరిగి ఇవ్వమని ఎవరూ అడగలేదు. తీసేశామని గానీ, ఉంచామని గానీ కాగితం రాలేదు.