ఆగాల్సిన చోటు

జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీలో మాకో సంఘం ఉండేది. తమ ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కి, మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లనే అందులో చేర్చుకునేవారు. ఏటా జరిగే సభలో, మా చదువులకు డబ్బిచ్చే దాతల ముందు మా కథలు మేమే చెప్పుకోవాలి. ఎలా చెప్పాలో నేర్పేది మా సీనియర్, నిజామాబాద్ అక్క.

"అమ్మ ముచ్చట కాడ జర ఆగు," అనేది చూపుడువేలు పైకెత్తి. "వాళ్ల కండ్లల్ల నీళ్లు రావాలె."

మా కష్టాలను మాచేతే అమ్మించేది. ఆ అమ్మకం వల్లే మా చదువులు సాగాయి, ఆ మాటా ఒప్పుకోవాలి.

ఒక ఏడాది అక్కను చూడటానికి వాళ్లమ్మ వచ్చింది. బీడీలు చుట్టి కూతుర్ని చదివించిన మనిషి. పొగాకుతో పసుపుబారిన ఆ వేళ్లను సభలో అందరికీ చూపించాలని అక్క ఆలోచన. తీరా హాల్లోకి వచ్చాక చూస్తే, ఆమె చేతులు రెండూ గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి.

"ఇయ్యాల్నే పెట్టుకోవాల్నా అమ్మా?" అంది అక్క పళ్లు బిగించి.

"నీ పండుగ గదా బిడ్డా," అందామె.

అక్క వేదికెక్కి జర్మన్‌లో మాట్లాడింది. అమ్మ వేళ్ల సంగతి రాగానే అలవాటుగా ఆగింది. హాలంతా ముందు వరసలో నా పక్కనున్న ఆమెకేసి తిరిగింది. భాష తెలియని ఆ తల్లి, తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుని చేతులు కొంగు కింద దాచుకుంది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

బయటికొచ్చాక అక్క నాకేసి చూపుడువేలు ఎత్తింది.

"చూసినవా? దాసుకునుడే ఇంక మంచిగైంది."