తొడిమ కోయడం నేర్పిన పిన్ని

మామిడి సొన వాసన తగిలితే ఇప్పటికీ నా పెదవులు మండుతాయి. పొద్దున ఆగిరిపల్లి తోటలో కాయల గుట్ట ముందు కూర్చోగానే సుబ్బాయమ్మ పిన్ని గుర్తొచ్చింది. చుట్టమేమీ కాదు. మా వీధి ఆడవాళ్ళను కోతలకు తీసుకెళ్ళే మేస్త్రి.

మా ఆయన పోయేనాటికి నాకు ఇంటి పని తప్ప ఏదీ తెలియదు. ఇద్దరు పిల్లలు. ఎక్కడికెళ్ళినా పని వచ్చా అని అడిగేవాళ్ళే గాని నేర్పుతాం రమ్మన్నవాళ్ళు లేరు. పిన్ని ఒక్కతే తన ఆటోలో ఎక్కించుకుంది. మొదటి రోజే నేను తొడిమలు మొదలంటా విరిచేశాను. సొన కాయల మీదికి కారి, మర్నాటికి బుట్టెడు కాయలు నల్లగా మాడిపోయాయి. తోట కౌలుకు తీసుకున్నాయన పిన్ని మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటి సుబ్బాయమ్మా, నా తోట బడిలా ఉందా నీకు? పని వచ్చినోళ్ళని తీసుకురా."

"అమ్మ కడుపులోనే నేర్చుకుని వచ్చినోళ్ళు ఎవరున్నారండీ? రెండ్రోజులు చూడండి. రాకపోతే నేనే మానిపిస్తా."

ఆ రెండు రోజుల్లో చెయ్యి కుదరకపోతే నా పిల్లలకు ముద్ద లేదు. సాయంత్రం పిన్ని రాలిన కాయలు తన వాకిట్లో పోసి కత్తెర చేతికిచ్చింది. తొడిమ కత్తిరించగానే కాయను బోర్లా తిప్పి, సొన నేల మీదికి కారనివ్వాలి.

"చంటిపిల్లను ముద్దాడినట్టు మూతి దగ్గర పెట్టుకుంటావేమే? ఎగిరి పడుద్ది."

పడనే పడింది. నా పెదవులు పొంగిపోతే పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది. కాని చెయ్యి కుదిరింది, పని నిలిచింది.

కోతలు రెండు నెలలే కదా. మిగతా కాలానికి పనికొస్తుందని పిన్నే నన్ను కుట్టుపని శిక్షణకు పంపింది. సర్టిఫికెట్ ఇచ్చారు. నూజివీడులో ఏ కొట్టు మెట్లెక్కినా ఇదివరకు ఎక్కడైనా చేశావా అన్నారు. వచ్చి పిన్నికి చెప్పాను.

"నేర్పేవాళ్ళ దగ్గర పని లేదు. పని ఉన్నోళ్ళకి నేర్పే ఓపిక లేదు. రేపు కలుపుకి రా, పో."

పిన్ని పోయాక ఆడవాళ్ళను నేనే తీసుకెళుతున్నాను. ఇవాళ మా వీధి చివరి పిల్ల వచ్చి ఆటో పక్కన నిలబడింది. డిగ్రీ అయ్యి రెండేళ్ళుగా ఖాళీగా ఉంది.

"ఆంటీ, నాకీ పని రాదు. ఎక్కమంటారా?"

కొత్తవాళ్ళు వద్దని కౌలుదారు ముందే చెప్పాడు. ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. కోతలయ్యాక ఆ పిల్లకూ నాకూ ఈ పని ఉండదనీ తెలుసు. అయినా నేర్చుకుని రా అని పంపేసే నోరు పిన్ని నాకు మిగల్చలేదు. జరిగి చోటిచ్చాను. పొద్దంతా కూర్చుని నా నడుము పట్టేసింది, అయినా సాయంత్రం కత్తెర పట్టడం నేర్పుతానని ఇంటికి రమ్మన్నాను.